ముందు నీళ్ళు, తర్వాత సివంగి

మా వదిన పోయిందన్న కబురు పక్కింటి ఫోనుకి వచ్చింది. పెరట్లో ఆరబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "అక్కా, ఒకసారి ఇట్టా రా" అంది. ఏ ఫోను మోగినా ముందు చావే గుర్తొచ్చే మనిషిని నేను. బస్సు కాస్త ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటాను. అట్లా మా వదినను మనసులో ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం అనుకోలేదు. దర్శిలో తను పనిచేసిన బడికే కదా వెళ్ళింది, మాత్రలు సంచిలో పెట్టాను కదా, సాయంత్రం బస్సుకి వచ్చేస్తుంది కదా అని నిబ్బరంగా ఉన్నాను. నేను నిబ్బరంగా ఉన్న ఒక్క రోజు చూసుకుని వెళ్ళిపోయింది. పిల్లలతో మాట్లాడి కుర్చీలో కూర్చుందట. మళ్ళీ లేవలేదు.

ఈ పత్రిక ఆ బడి వాళ్ళది. చదివేవాళ్ళలో చాలామంది ఆమె దగ్గర సైన్సు నేర్చుకున్నవాళ్ళే. మీకు టీచరుగారు. నాకు మొగుడి అక్క. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, ట్రైనింగు చదివి ఉద్యోగం తెచ్చుకుంది. తర్వాత మా ఆయనా పోయాడు. ఇక ఇంట్లో మేమిద్దరమే. నేను చదివింది మూడో తరగతి. బ్యాంకైనా, కరెంటాఫీసైనా, గుంటూరు ఆస్పత్రైనా ఆమె ముందు నడిస్తే వెనక సంచీ పట్టుకుని వెళ్ళాను. ఒక్కదాన్నే బస్సెక్కింది లేదు.

ఊళ్ళో ఆమెను సివంగి అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి. ఆపకుండా పోయిన బస్సుకి మర్నాడు రోడ్డు మధ్యలో అడ్డం నిలబడి, డ్రైవరు దిగి "ఎక్కండి టీచరుగారూ" అన్నదాకా కదలని మనిషికి ఇంకేం పేరు పెడతారు? నేను కాపరానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు కూడా ఆ మాటే చెప్పింది. "మా అమ్మాయి సివంగి, చూసి మసులుకో." సివంగి అంటే గయ్యాళి ఆడది అనే నేను అనుకున్నాను. దానికి వేరే అర్థం ఉందని నాకు తల నెరిసేదాకా తెలియదు.

అది తెలిసిన రోజు మా పెరట్లో ఆడవాళ్ళందరం మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. ఆమె రిటైరై ఇంట్లో ఉంటోంది. మంచం మీద కూర్చుని పేపరు చదువుతూ, "ఏమే, సివంగిని మళ్ళీ పుట్టిస్తారంట" అంది.

"ఉన్నదాంతోనే వేగలేక చస్తున్నాం వదినా, ఇంకోటి దేనికి?" అన్నాను.

తొడిమలు తీసే చేతులన్నీ ఆగిపోయాయి. అందరికంటే ముందు నవ్వింది ఆమే. కళ్ళజోడు తీసి తుడుచుకుని చెప్పింది. "ఒసే పిచ్చిదానా, సివంగి అంటే జంతువే. పూర్వం రాజులు వేటకి పెంచుకునేవాళ్ళు. చీతా అని రాశారు చూడు. మన చిన్నప్పుడే ఈ దేశంలో ఆఖరిది పోయింది."

"ఆడపులిని కదా టీచరమ్మా సివంగంటారు?" అంది మరియమ్మ. మా చేలో ఎప్పటినుంచో కూలికి వచ్చే మనిషి, నోరున్నది.

"కొందరు అట్టా అంటారు. కొందరు హైనాని అంటారు. చూసినవాళ్ళు లేకుండా పోయాక మాటకి దిక్కెవరే? దిక్కులేక వచ్చి నా నెత్తిన పడింది."

అప్పట్లో ఎక్కడో ఒక గొర్రె ఒంట్లోంచి చిన్న ముక్క తీసి అచ్చం అట్లాంటి గొర్రెనే పుట్టించారని చెప్పుకునేవాళ్ళు. అట్లాగే పోయిన జంతువుల్ని కూడా రప్పించి జూలలో పెడతారని పేపర్లో రాశారు. ఆమె మాకు దాన్ని ఆటగా పెట్టింది. కాయ పనులు జరిగినన్నాళ్ళూ మధ్యాహ్నాలు అదే ఆట. "మన ఊళ్ళో జూ కట్టమన్నారు. ఏ జంతువు కావాలి, దాన్నెట్టా సాకుతారు?"

ఒళ్ళంతా బొచ్చున్న ఏనుగులు మంచు దేశాల్లో తిరిగేవట. వాటి సంగతి చెప్పిన రోజు మరియమ్మ, "రోహిణి కార్తె ఎండకి మనమే మాడిపోతన్నాం, ఆ బొచ్చేనుగేం ఆగుద్ది? గుంటూరు తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ టిక్కీ బస్తాల పక్కన కట్టేద్దాం" అంది.

చేతిలో కాయ వదిలేసి అడిగాను. "ఆ ఘాటుకి అది తుమ్మిందంటే గోడలు నిలబడతాయా?"

అందరూ పడీపడీ నవ్వారు. మా వదిన నవ్వలేదు. "నవ్వుతారేందే? జూకి కావలసింది ఇట్టాంటి మనిషే" అంది. "ధైర్యం ఉన్నోడు జంతువుని తెస్తాడు. బతికించేది మాత్రం భయస్తుడే."

నా జన్మలో నా భయాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఇక ఆగలేదు నేను. తల్లి లేకుండా పుట్టిన కూనకి పరుగు ఎవరు నేర్పుతారు? ఆదివారం జనం వచ్చి అరిస్తే బెదరదా? కూత పెడితే బదులు కూత పెట్టేది ఇంకోటి లేకపోతే దాని బతుకేంటి? ఒక్కొక్కటీ అడుగుతుంటే ఆమె "ఊఁ, ఇంకా?" అనేది. ఏం తోచని రోజు "ఏమే, ఇవాళ భయాలేం లేవా?" అని గిల్లేది.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకి. చాకిరీ చేయలేక మా గేదెను అమ్మేశాం. అమ్మినా పొద్దున్నే లేచి రాతి తొట్టి కడిగి నీళ్ళు నింపేది. "గేదే లేదు, నీళ్ళెందుకు వదినా" అంటే, "ముందు నీళ్ళు, తర్వాత గేదె. వచ్చాక తొట్టి కడుక్కుంటామా?" అనేది. గేదె మళ్ళీ రాలేదు. గోరింకలు వచ్చేవి, పక్కింటి దూడ వచ్చేది.

ఒకసారి బడివాళ్ళు పిలిస్తే పిల్లలతో హైదరాబాదు జూకి వెళ్ళాం. పులిహోర కలపడానికని నన్నూ బస్సెక్కించింది. దారంతా ఏ పిల్ల తప్పిపోతుందోనని తలలు లెక్కపెడుతూనే ఉన్నాను. జూలో ఒకచోట ఖాళీ ఆవరణ ఉంది. చుట్టూ కందకం, లోపల ఒక చెట్టు, శుభ్రంగా కడిగిన నీళ్ళ తొట్టి. అంతే. సింహాన్నీ పులినీ వదిలేసి మా వదిన అక్కడ నిలబడింది. పిల్లలూ నిలబడ్డారు. దారిన పోయే సంసారం ఒకటి మమ్మల్ని చూసి ఆగింది.

"ఏముందండీ లోపల? మాకు కనపట్టం లేదు" అన్నాడాయన, చంకలో పిల్లని పైకెత్తుతూ.

"ఇంకా రాలేదు బాబూ. నీళ్ళు పెట్టి ఉంచారుగా, వస్తది."

ఆయన ఇంకాసేపు చూసి వెళ్ళాడు. తర్వాత మేమిద్దరం చెట్టు కింద కూర్చున్నప్పుడు నా కడుపులో మాట బయటపడింది. "జంతువుల్ని రప్పించేవాళ్ళు మనుషుల్ని మాత్రం రప్పించరా వదినా? ముందు నువ్వు పోతే నిన్ను రప్పించుకుంటా."

ఆమె తేలిగ్గా తీసేయలేదు. "వద్దే. వచ్చేది నేను కాదు. నా మొహంతో ఇంకెవరో వస్తది. అది నిన్ను గుర్తుపట్టకపోతే నువ్వు తట్టుకోలేవు. అంత కష్టం దేనికి, నువ్వే ఒక్కదానివి బస్సెక్కడం నేర్చుకో."

పెద్దకర్మ అయ్యాక దర్శి బడి నుంచి టీచరమ్మాయి వచ్చింది. ఆఖరి రోజు సంగతి ఆ అమ్మాయే చెప్పింది. పిల్లలకి మా వదిన సివంగి కథే చెబుతోందట. ఒక పిల్ల లేచి, ఎవరూ చూడని జంతువుకి జబ్బు చేస్తే ఏ డాక్టరు వైద్యం చేస్తాడని అడిగిందట. "దానికి జవాబు మా మరదలు చెప్పాలి, ఈసారి తీసుకొస్తాను" అని కూర్చుందట. అదే ఆఖరి మాట.

"పిల్లలు అడుగుతున్నారు పిన్నిగారూ, మీరెప్పుడొస్తారని. ఆటో పంపిస్తాం" అంది.

"వద్దమ్మా, బస్సుకి వస్తాను" అన్నాను. అని, రాత్రంతా కంగారుపడ్డాను.

బస్సులో కండక్టరుని దర్శి వస్తే చెప్పమని అడిగాను. మళ్ళీ అడిగాను. మూడోసారి ఆ అబ్బాయి, "దర్శి యాడికీ పోదులే పెద్దమ్మా, అక్కడే ఉంటది" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. దర్శి అక్కడే ఉంది.

పిల్లల ముందు నిలబడి మొదట తలలు లెక్కపెట్టాను. జవాబు నా దగ్గర ఉంది. "డాక్టరుకి తెలియదమ్మా. అందుకే జబ్బు చేయకముందే రోజూ చూసుకోవాలి. ఎట్టా తింటది, ఎట్టా పడుకుంటది, ఎప్పుడు ముడుచుకుంటది. మా గేదె మేతలో మూతి పెట్టడం చూసే ఒంట్లో బాగాలేదని మాకు తెలిసిపోయేది. ఒక్కదాన్నే తేవద్దు, జతని తేవాలి. ఇంతకీ మీ దగ్గర దానికి చోటుందా?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని బయటికి పరుగెత్తారు. బడి ముందు నేల మీద ముగ్గుపిండితో పెద్ద గిరి గీశారు. "అంతేనా? పరుగెత్తే జంతువమ్మా అది" అన్నాను. చెరిపి, గేటు దాకా పెంచారు. నేను చెప్పకుండానే ఎవరో రేకు డబ్బా కడిగి, నిండా నీళ్ళు తెచ్చి మధ్యలో పెట్టారు. ఆమె చెప్పే ఉంటుంది.

బడి ఎదుటే తిరుగు బస్సు ఎక్కి కిటికీలోంచి చూశాను. బడి వదిలారు. పిల్లలు అరుచుకుంటూ గేటు వైపు పరుగెత్తుకొస్తున్నారు. ముగ్గు దగ్గరికి వచ్చేసరికి అందరూ నెమ్మదించి, గోడ వెంబడి చుట్టూ తిరిగి వస్తున్నారు. లోపల ఏమీ లేదు. డబ్బాలో నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి.