తాళ్లత్త ఆకుపచ్చ ముడి

ముప్పై ఏళ్లు పట్టిన పట్టు విడవని మనిషి, తీరా తన మాట నెగ్గాక ఎందుకు వెళ్లిపోయింది? ఇప్పటికీ అంతుచిక్కని ప్రశ్న అది.

మంచాన పడ్డవాళ్లను పైకెత్తి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రాలు తయారుచేసే షెడ్డులో ఇనుప తాళ్లు ఎంచడం ఆమె పని. అందుకే అందరికీ తాళ్లత్త. ఆమె సరేనన్న తాడుకు ఆకుపచ్చ దారంతో ముడి పడేది. ఆ ముడి లేని తాడును ఫిట్టరు ముట్టుకునేవాడు కాదు.

ఆ రోజు సాయంత్రానికి ఒక యంత్రం వెళ్లాలి. సన్న తీగలతో పేనిన తాడు అయిపోయింది. లావు తీగలది చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

"రెండూ ఒకే మందం కదత్తా! పైగా ఇదే గట్టిది. మూడింతల బరువు వేలాడదీసి చూశాం," అన్నాడు ఓనరు.

"వేలాడదీశావు సరే, వంచావా? ఆ కప్పీ చూడు, టీ గ్లాసు అడుగంత లేదు. రోజుకు ఇరవైసార్లు దానిమీద వంగాలి. మొండి తీగ వంగలేక విరుగుతుంది."

"మా బావ నడుమన్నమాట! నిలబడితే ఉక్కు, వంగితే పట్టేస్తుంది," అన్నాడు ఫిట్టరు.

ఓనరు నవ్వలేదు.

ఆమె అన్నం తిని వచ్చేసరికి ఆ లావు తీగల తాడుకే ఆకుపచ్చ దారం కట్టి ఉంది. తాళ్లత్త ముడి కొసను పేటల మధ్యకు దూర్చేది. ఇదేమో జడకు రిబ్బను కట్టినట్టుంది.

ఆమె కేకలు వేయలేదు. ఆ తాడునే కప్పీకి ఎక్కించి, బరువు తగిలించి, పిడి తిప్పడం మొదలుపెట్టింది. చేతులు పడిపోతే ఫిట్టరు అందుకున్నాడు. లెక్క మాత్రం ఆమెదే. ఎనిమిది వందల నలభయ్యో వంపు దగ్గర తాడును గుడ్డతో తుడిస్తే, గుడ్డ చటుక్కున చిక్కుకుంది. తీగ కొస ఒకటి విరిగి పైకి లేచింది.

"రోజుకు ఇరవై చొప్పున, నెలా పన్నెండు రోజులు," అందామె.

"ఒక్క తీగే కదత్తా..." అన్నాడు పక్కన నిలబడి చూస్తున్న ఓనరు.

"మొదటిది."

ఓనరు తల దించుకున్నాడు. "ముడి నేనే వేశాను. యంత్రం పంపడం ఆపుతాను. సన్న తీగలది తెప్పిస్తాను."

మర్నాడు పొద్దున్నే తాడు వచ్చింది. తాళ్లత్త దాన్ని మూరమూరా తడిమి చూసి, దారం కట్టి, కొస ఎలా దూర్చాలో ఫిట్టరుకు రెండుసార్లు చూపించింది. మూడోసారి అతని చేతే కట్టించింది. దారపుండ అతని జేబులో పడేసి, చేతులు కడుక్కోవడానికి బయటికి నడిచింది.

చాలాసేపటికి ఓనరు కుళాయి దగ్గరికి వెళ్లి చూశాడు. సబ్బు ఇంకా తడిగానే ఉంది. పక్కనే కొక్కేనికి రోజూ వేలాడే ఆమె సంచి లేదు.