నాచారంల సావు బాణి

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి టీవీ పెడితే పాత సినిమా ఒకటి వస్తున్నది. పెండ్లి పాట. పల్లవి అయిపోంగనే మూడు తీగల కికిరి ఒక్కసారిగ గొంతు విప్పింది, నేను గబుక్కున టీవీ బంద్ జేసిన. "ఏందే, మంచి పాట వస్తుంటే!" అని మా ఆయన గయ్యిమన్నడు. ఏం జెప్పాలె? ముప్పై ఏండ్లు దాటింది, అయినా ఆ ముక్క చెవుల పడితే నేను ఆడ కూసోలేను. దాన్ని సినిమాల పెట్టించిన పుణ్యాత్మురాలిని నేనే గదా!

లగ్గానికి ముందు రెండేండ్లు ఆదిలాబాద్ అడవిల ఆశ్రమ పాఠశాలల టీచరుగ చేసిన. ఆడ ఒక తాత ఉండె. గోండుల పాత కథలు కికిరి మీద వాయించుకుంట పాడుడు వాళ్లింటి పని, తాతల కాలం నుంచి. నాకేమో టేప్‌రికార్డర్ పిచ్చి. తాత ఏడ వాయిస్తే ఆడ నేను తయార్. పెండ్లా, పండుగా, పంటా, నాకన్నీ ఒక్కతీరే. ఒకనాడు వాగు అవతలి గూడెంల తాత వాయిస్తుంటే ఇవతలి ఒడ్డు మీదనే నిలవడి రికార్డు జేసిన. ఎందుకు వాయిస్తున్నడని అడిగిన పాపాన పోలె.

లగ్గమై పట్నంల చిల్కానగర్ వచ్చినంక నాచారంల ఒక సినిమా రికార్డింగ్ థియేటర్ ఆఫీసుల టైపిస్టుగ కుదిరిన. అప్పుడు తాత ఉత్తరం రాయించిండు. "పిలిచి పాడించుకునేటోళ్లు తక్కువైన్రు బిడ్డా. నా అల్లుండ్లు ఇద్దరు డోళ్లు అటక మీద పెట్టి కూలికి పోతమంటున్రు. వాళ్లు ఇడిసిపెడితే ఇగ మాతోనే సరి. సినిమాలనో టీవీలనో జర తొవ్వ జూపియ్యి" అని. నేను ఊకుంటనా? కాయితాల మీద సంతకం కావాలన్న సాకుతోని మ్యూజిక్ డైరెక్టర్ సారు దగ్గరికి పోయి క్యాసెట్ వినిపించిన. ఆయనది కోస్తా. వాగు ఒడ్డున చేసిన ముక్క రాంగనే కండ్లు మూసుకున్నడు. "అమ్మాయ్, ఇదే కావాలి నాకు. పెళ్లి పాటలో పెడదాం. వాళ్లని రప్పించు, కుదిరితే టీవీ వాళ్లకీ నేనే చెప్తాను." ఎగురుకుంట ఇంటికొచ్చిన. ఏడో నెల కడుపుతోని ఆ ఎగురుడేందని అత్తమ్మ తిట్టింది.

తాత, అల్లుండ్లు ఉప్పల్‌ల బస్సు దిగిన్రు. ఆ రాత్రి మా ఇంట్లనే పండుకున్నరు. తాత కికిరికి దండం పెడుతుంటే అత్తమ్మ మొకం ముడిచింది గని, అన్నం మాత్రం ఆయనకు మారు మీద మారు వడ్డించింది.

తెల్లారి థియేటర్‌ల సారు నా క్యాసెట్ పెట్టి "ఇదిగో, ఇది వాయించండి" అన్నడు. తాత మొకంల నెత్తురు సుక్క లేదు. అల్లుండ్లు డోళ్ల మీదికెల్లి చేతులు తీసిన్రు. తాత నన్ను పక్కకు పిలిచిండు. "బిడ్డా, గిది సావు బాణి. మనిషి పోయిన ఇంట్లనే, పోయినోళ్ల పేరు తీసుకొని వాయిస్తం. పీనుగ లేకుంట వాయిస్తే అదే పీనుగను ఎతుక్కుంటది. మేం పండుకొని వచ్చిన ఇంటికే ముందుగాల పోతది."

నా చెయ్యి దానంతట అదే కడుపు మీదికి పోయింది. ప్రతి ఆదివారం ప్రార్థన జేసేదాన్ని, ఇసొంటివి నమ్మొద్దు. నమ్మిన. ఉరికి పోయి "సార్, వేరే ముక్క పెట్టుకోండి, పెండ్లిది కూడ ఉన్నది" అని బతిమిలాడిన. "నాకు అదే కావాలి. కాదంటే ఫ్లూటుతో కానిచ్చేస్తా, వాళ్లని పంపించెయ్. ఇంకెప్పుడూ ఇలాంటి వాళ్లని తీసుకురాకు" అన్నడు సారు.

"పోదాం పా తాతా" అన్న. తాత కదల్లె. అల్లుండ్ల దిక్కు చానా సేపు చూసిండు. ఇప్పుడు మర్లిపోతే ఆ డోళ్లు మళ్ల అటక దిగవని ఆయనకు ఎరికే. సెంబుల నీళ్లు అడిగిండు. కికిరి మీద చిలకరించి, కండ్లు మూసుకొని, వాళ్ల భాషల ఒక పేరు గొణిగిండు. పెద్దల్లుడు "వద్దు మామా" అని చెయ్యి పట్టుకున్నడు. తాత ఆ చెయ్యిని తీసి డోలు మీద పెట్టిండు.

నేను లోపల ఉండలేకపోయిన. తలుపు బయట నిలవడి, బిడ్డ కదులుతున్నదా లేదా అని కడుపు పట్టుకొని చూసుకుంటున్న. ఆ కొంచెం సేపు కదల్లె. దేవుడా, ఆ భయం పగోళ్లకు కూడ వద్దు. ఒక్కసారికే టేక్ ఓకే అయింది. సారు చప్పట్లు కొడుతుంటే లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది, నేను ఆడనే కూలబడి ఏడ్చిన.

బయటికి వస్తుంటే "ఎవల పేరు తీసుకున్నవ్ తాతా?" అని అడిగిన. "నీకెందుకు? నీ ఇంటి జోలికి రాదు, పో" అని నవ్విండు. పెద్దల్లుడు తల వంచుకొని చెప్పిండు. "తన పేరే తీసుకున్నడు టీచరమ్మా."

బిడ్డ సల్లగ పుట్టింది. సారు మాట మీద నిలబడ్డడు, అల్లుండ్లకు టీవీల నుంచి, ఇంకో రెండు సినిమాల నుంచి పిలుపు వచ్చింది. నా భయం మాత్రం ఇల్లు మారింది, అంతే. ఆ దిక్కు నుంచి కార్డు వస్తే నేను ముట్టకపోయేదాన్ని. మా ఆయన చదివి "బతికే ఉన్నడు తల్లీ, పత్తి మంచిగ పండిందట" అంటేనే నాకు ముద్ద దిగేది. అట్ల తొమ్మిదేండ్లు గడిచినయి. ఆ తర్వాత ఒక కార్డు చదివి మా ఆయన "మంచం పట్టిండట, పోదాం పా" అని బట్టలు సంచిల పెట్టిండు.

మేం పోయేసరికి ఇంటి ముందర జనం. అల్లుండ్లు ఉన్నరు, డోళ్లు ఉన్నయి, గూటిల కికిరి ఉన్నది. ఎవలూ ముడుతలేరు. పాడె లేస్తున్నా సప్పుడు లేదు. ఉండబట్టక పెద్దల్లున్ని అడిగిన, "ఆయనకు వాయించరా అయ్యా?" అని.

"ఒక మనిషికి ఒక్కసారే వాయిస్తం టీచరమ్మా" అన్నడు. "మామది నాచారంల అయిపోయింది."

తొమ్మిదేండ్లు ఆయన సావు ఎప్పుడొస్తదో అని వణుక్కుంట కూసున్న నేను, ఆయన తన ఆఖరి గడియను అంతకు ముందే తెచ్చి నా కడుపుల బిడ్డ కోసం ఖర్చు పెట్టేసిండని, అది గడుస్తున్నప్పుడు తలుపు బయట నిలవడ్డది నేనేనని, ఆ సప్పుడు లేని పాడె ఎనుక నడుసుకుంట తెలుసుకున్న.