అందరికీ వినబడిన పిట్ట

అమ్రాబాద్ అడవిలో మమ్మల్ని తీసుకొచ్చిన మేడమ్ చెయ్యెత్తి అందరినీ ఆగమన్నప్పుడు నేను పులేమో అనుకున్నాను. కదలకుండా నిలబడ్డాను. మా ముందు నడుస్తున్న బ్యాంకు ఉద్యోగులిద్దరూ తలలు ఒక పక్కకు వంచారు. కొత్తగా పెళ్లయిన జంట చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నా పక్కనున్న నా భార్య నోరు కొద్దిగా తెరిచి చెట్ల పైకి చూస్తూ ఉండిపోయింది. ఏదో జరుగుతోందని తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు. కాసేపటికి మేడమ్ చెయ్యి దించి, అందరూ బాగా విన్నారా అని మెల్లగా అడిగింది. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

నేను విన్నదేమీ లేదు. ఎండుటాకుల మీద మా చెప్పుల చప్పుడు ఆగిపోవడం మాత్రం తెలిసింది.

ఈ ప్రయాణం మా అమ్మాయి పెట్టింది. పెద్దమందడిలో టీచరుగా చేస్తుంది. గద్వాల నుంచి మేమిద్దరం చూడబోయినప్పుడల్లా నేను ఆమె వాకిట్లో కూర్చుని ఒకే మాట మాట్లాడేవాణ్ని. మా చిన్నతనంలో పొద్దున లేస్తే పిట్టల గోల ఉండేది, ఇప్పుడు ఎక్కడా లేదు, సెల్ టవర్లు వచ్చాయి, చేలకు మందులు కొట్టడం ఎక్కువైంది, పిట్టలు పోయాయి అని. ఆమె మొదట్లో వాదించేది. వాళ్ల బడిలో వేపచెట్టు నిండా ఉంటాయని చెప్పేది. నేను నమ్మేవాణ్ని కాదు. నాగర్‌కర్నూల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఒక మేడమ్ ఆదివారాలు కొంతమందిని తీసుకెళ్లి పిట్టలను చూపిస్తుందని తెలిసి, నన్ను అడగకుండానే మా ఇద్దరి పేర్లు ఇచ్చింది.

"ఉన్నయో లేవో నువ్వే చూసి రా నాయినా. చూసొచ్చినంక మల్ల మాట్లాడుదాం" అంది.

నా భార్య వెంటనే ఒప్పుకుంది. శ్రీశైలం పోయినప్పుడల్లా బస్సులో నిద్రపోయి ఆ అడవిని ఒక్కసారీ చూడలేదట. రంగురంగుల బట్టలు కట్టుకోవద్దని మేడమ్ ముందే చెప్పింది. మా ఇంట్లో రంగు లేని చీర ఎక్కడిది? మేము నేసేదీ అమ్మేదీ రంగుల చీరలే. చివరికి అమ్మాయి దగ్గర మట్టిరంగు శాలువా ఒకటి తీసుకుని ఎర్రచీర మీద కప్పుకుని వ్యాను ఎక్కింది.

పొద్దు పొడిచే వేళకు దారిలో ఒక చెరువు దగ్గర ఆపారు. అక్కడ నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నీళ్ల మీద బాతులు, ఒడ్డున కొంగలు, కంటికి కనిపిస్తున్నాయి. బొల్లికోళ్లనే నీటిపిట్టల బొంగురు కూతలు వినబడ్డాయి కూడా. నీళ్లున్న చోట మిగిలాయి కాబోలు, మిగతా చోట పోయాయి అని నా మాటను కొంచెం సవరించుకున్నాను. మేడమ్ నా మెడలో బైనాక్యులర్ వేసి, ఎట్లా తిప్పాలో చూపించింది. అన్నా అని పిలుస్తూ ఓపికగా చెప్పింది. మంచి మనిషి.

అడవిలోకి వచ్చాకే మొదలైంది. ఆమె ఆగడం, అందరూ తల వంచడం, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకోవడం. నాకేమో చెట్లు, ఎండ, గాలి, అంతే. మొదట్లో, వీళ్లు మర్యాద కోసం తలూపుతున్నారు అనుకున్నాను. చీరలు అమ్మేటప్పుడు నేను చూసిందే అది. ఇది నెమలికంఠం రంగు అని మేము చెబితే, కొనేవాళ్లకు అది మామూలు నీలంలా కనబడినా అవునవును అంటారు. అట్లాగే మేడమ్ ఉందంటే వీళ్లూ ఉందంటున్నారని సరిపెట్టుకున్నాను. కానీ నా భార్య మర్యాద కోసం అవునని చెప్పే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ పెట్టిన టీ బాగాలేదని చెప్పిన మనిషి.

మూడోసారో నాలుగోసారో ఆగినప్పుడు ఆమె చెవి దగ్గరికి వంగి, నీకు ఏమన్న ఇనవడ్డదా అని అడిగాను.

"గంత జోరుగ కూస్తుంటే ఇనవడకుంటేంది" అంది, నావైపు చూడకుండానే.

జోరుగా అంటే ఎట్లా జోరుగా? అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారా అని కూడా ఒక క్షణం అనిపించింది. అమ్మాయి ఏమైనా చెప్పి పంపిందా? అయితే ఈ బ్యాంకు వాళ్లు, ఆ కొత్త జంట, నన్నెరగని మనుషులు, వాళ్లెందుకు నాతో ఆడతారు?

అప్పుడే మేడమ్, అందరినీ మాట్లాడించాలని కాబోలు, ఇప్పుడు కూసింది ఏ పక్కనుంచో చెప్పమని నన్నే అడిగింది. కొత్త పెళ్లికూతురు ఎడమవైపు చూస్తోంది. నేనూ ఎడమవైపు చెయ్యి చూపించాను. మేడమ్ కొంచెం ఆగి, అడవిలో చప్పుడు అట్లాగే మోసం చేస్తుంది, అది మీ వెనకాల ఉందన్నా, అంది. ఎవరూ నవ్వలేదు. నేను చెయ్యి దించి జేబులో పెట్టుకున్నాను.

ఇంకొంచెం ముందుకు పోయాక ఎర్రగా పూసిన ఒక మోదుగచెట్టు దగ్గర మేడమ్ అందరినీ కూర్చోబెట్టింది. చిటారు కొమ్మన తేనెపిట్ట ఉందని, ఎండ పడితే నల్లటి రెక్కలు ఊదారంగులో మెరుస్తాయని చెప్పింది. నేను బైనాక్యులర్ పెట్టుకుని వెతికాను. చాలాసేపు కొమ్మలే కనబడ్డాయి. తర్వాత ఉన్నట్టుండి పిట్ట నా కళ్లలోకి వచ్చి కూర్చుంది. బొటనవేలంత ఉంటుంది. వంకర ముక్కు. దాని మెడ మీద నిజంగానే ఊదా మెరుపు, మేము పట్టులో ఎంత వెతికినా దొరకని మెరుపు. నేను సంతోషపడుతుండగానే అది ముక్కు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. గొంతు వణుకుతోంది. తోక ఎగిరెగిరి పడుతోంది. ఒళ్లంతా కుదిపేసుకుంటూ అది ఏదో చేస్తోంది. చప్పుడు లేదు. టీవీ గొంతు కట్టేసినట్టు.

బైనాక్యులర్ చప్పుడును ఆపేస్తుందేమో అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే ఇది ఎంత పిచ్చి ఆలోచనో తెలుస్తోంది, కానీ ఆ నిమిషంలో నాకు అదొక్కటే కారణంగా తోచింది. కళ్ల నుంచి తీసేసి విన్నాను. లేదు. మళ్లీ పెట్టుకున్నాను. పిట్ట అదే పనిగా ముక్కు తెరుస్తోంది. పక్కకు చూస్తే నా భార్య చెయ్యి గుండె మీద పెట్టుకుని వింటోంది.

బైనాక్యులర్ ఆమెకిచ్చి, అది ఉత్తగ నోరు తెరుస్తుంది గదా, అరుస్తలేదు గదా అని అడిగాను. ఆమె పిట్టను చూడలేదు. నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా ముంజేయి పట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం చెట్లకింద అందరూ టిఫిన్లు విప్పారు. మేము కొంచెం ఎడంగా కూర్చున్నాం. అమ్మాయి కట్టిచ్చిన జొన్నరొట్టె మీద పల్లీలపొడి వేసి నా చేతికిచ్చి, ఎప్పటి సంది అని నా భార్య అడిగింది.

"ఏంది ఎప్పటి సంది?"

"ఇనవడకుండ."

నాకు అన్నీ వినబడతాయని చెప్పాను. నువ్వు మాట్లాడేది వినబడుతోంది, వ్యాను చప్పుడు వినబడింది, చెరువు దగ్గర కూతలు వినబడ్డాయి. ఒక్క పిట్ట వినబడకపోతే ఏమైంది అన్నాను. ఆమె రొట్టె తుంచడం ఆపింది.

"వంటింట్లకెల్లి పిలిస్తె పలుకవు. మనుమరాలు దగ్గరికొచ్చి ముద్దుగ మాట్లాడితె ఊఁ అని ఊకుంటవు. నా మాట ఇనబుద్ధిగాక గట్ల చేస్తున్నవ్ అనుకున్న. ఇన్నేండ్ల సంది గదే అనుకుంటున్న."

నేను అనుకున్నది వేరు. ఆమె రానురాను మాటలు తగ్గించిందని, వయసు మీద పడి నామీద ఇష్టం పోయిందని అనుకున్నాను. ఆ మాటే చెప్పాను.

"నువ్వే మాట్లాడుడు తక్కువ చేసినవ్ అనుకున్న నేను."

"నేనా?" అంది. తర్వాత శాలువా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు. బహుశా ఆమెకూ అర్థమై ఉండదు. కాసేపటికి ముఖం తుడుచుకుని, ఇంకో రొట్టె వేసింది.

అక్కడే, రొట్టె నములుతూ, నాకు మా ఇంటి పిచ్చుకలు గుర్తొచ్చాయి. పొద్దున పిట్టల గోల లేదని ఊరందరితో వాదించానే, మా వీధిలో ఎవరినైనా అవి ఉన్నాయా అని అడిగానా? ఒక్కసారైనా తలెత్తి చూశానా? ఆమెను అడిగాను. మన దూలాల సందులో ఇప్పటికీ గూడు పెడతాయని, రోజూ గడ్డిపోచలు ఊడ్చిపోస్తున్నానని చెప్పింది. నువ్వు పిట్టలు పోయినయ్ అంటుంటే, అడవి పిట్టల సంగతి చెబుతున్నావనుకున్నానంది. టవర్ల మీద, మందుల మీద నేను వేసిన నిందలన్నీ ఏం చేయాలో తోచలేదు. అందులో కొంత నిజం కూడా ఉండవచ్చు. ఎంత నిజమో, ఎంత నా చెవో, ఇప్పుడు ఎట్లా విడదీయాలి?

మళ్లీ నడక మొదలయ్యాక వెదురు పొదల్లోంచి ఊప్ ఊప్ ఊప్ అని లోతుగా ఒక చప్పుడు వచ్చింది. మేడమ్ చెయ్యెత్తలేదు. ఎవరూ ఆగలేదు. ఇది కూడా నా తలలోదేనా అని భయమేసింది. అయినా ఆపుకోలేక ముందుకెళ్లి, అదిగో అది వినబడుతోంది నాకు అని మేడమ్‌తో చెప్పాను. అది జెముడుకాకి అని, పొద్దుటి నుంచీ కూస్తూనే ఉందని, మామూలుది కదా అని తాను ఆగలేదని ఆమె చెప్పింది. పొద్దుటి నుంచీ నేను దాన్ని వింటూనే ఉన్నానన్నమాట, వింటున్నానని తెలియకుండా. మేడమ్‌కు సంగతి అప్పుడు అర్థమైంది. సాయంత్రం దాకా ఏ పిట్ట కూసినా, దాన్ని నాకు వేలితో చూపిస్తూ వచ్చింది. నేను చూశాను. నోళ్లు తెరుస్తున్న పిట్టలను ఎన్నింటినో చూశాను.

పెద్దమందడికి తిరిగొచ్చాక అమ్మాయి గుమ్మంలోనే, ఉన్నయా నాయినా పిట్టలు అని అడిగింది. ఉన్నాయంటే సగం అబద్ధం, లేవంటే మొత్తం అబద్ధం. నేను చెప్పులు విప్పుతూ ఉండిపోయాను. నా భార్యే ఆమెను లోపలికి తీసుకెళ్లి అంతా చెప్పింది. ఎంతసేపు చెప్పుకున్నారో, ఏమేం చెప్పుకున్నారో, వాకిట్లో కూర్చున్న నాకు తెలియదు.

వనపర్తిలో చెవుల డాక్టరు నన్ను ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు దొప్పల్లాంటివి తగిలించి, చప్పుడు వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. వినబడిందో, వినబడిందని అనుకున్నానో తేలక కొన్నిసార్లు ఉత్తగానే నొక్కాను. సన్నని చప్పుళ్లు ముందు పోతాయని, బొంగురువి నిలుస్తాయని ఆయన కాగితం మీద గీత గీసి చూపించాడు. ఆడవాళ్ల గొంతులు, చిన్నపిల్లల మాటలు, పిట్టలు ఆ సన్నని వైపువే. చిన్నప్పటి నుంచి మగ్గాల గదిలో కూర్చోవడం వల్ల కావచ్చన్నాడు, వయసు వల్ల కావచ్చన్నాడు, గట్టిగా చెప్పలేనన్నాడు. అదే గదిలో నా ఎదురుగా జీవితమంతా కూర్చున్న మా బావమరిది చెవులు ఇప్పటికీ పామువే. మరి నావే ఎందుకు పోయాయి?

డాక్టరు ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకున్న మొదటి రోజు ఇంట్లో ఉండలేకపోయాను. పేపరు తిరగేస్తే పెళపెళమంటోంది. ప్లాస్టిక్ కవరు ఉరిమినట్టుంది. నా చొక్కా నాకే గరగరమని వినిపిస్తోంది. నా భార్య మామూలుగా మాట్లాడితే ఎందుకు అరుస్తున్నావని విసుక్కున్నాను. ఆమె గొంతు కూడా నేను ఎరిగిన గొంతులా లేదు. కొంచెం సన్నగా, దగ్గరగా, ఎవరో చిన్నదాని గొంతులా ఉంది. ఇందులో ఏది అసలు గొంతు?

ఇప్పుడు రోజూ పొద్దున మేడ మీదికి పోయి కూర్చుంటాం. నేను విన్నదల్లా ఆమెను అడుగుతుంటాను. మొన్న కీచుమని వినబడితే పిట్ట అనుకున్నాను, పక్కింటి గేటు అంది. ఇంకోసారి మిషనే ఈల వేసింది, చెవిలో సరిగ్గా పెట్టుకొమ్మంది. పిచ్చుకలను మాత్రం రెండుసార్లలో ఒకసారి సరిగ్గా పట్టుకుంటున్నాను. అవి నేను గుర్తుంచుకున్నట్టు కూయడం లేదు. నేనే తప్పుగా గుర్తుంచుకున్నానో, మిషన్ అట్లా వినిపిస్తుందో మరి.

నిన్న మాత్రం టేకుచెక్కను గీకినట్టు ఒక చప్పుడు వచ్చింది, ఆగి ఆగి. ఇదేంది అని అడిగాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, తల పక్కకు వంచి చాలాసేపు విన్నది.

"ఏమో," అంది. "గిదైతే నాకు గూడ తెల్వదు."

ఇద్దరం లేచి, అది ఎటునుంచి వస్తుందో చూడటానికి పిట్టగోడ దగ్గరికి పోయాం.