కింది మడి సాక్ష్యం

మా పెద్దబాపు, మా నాయనకు అన్న, పోయాడన్న కబురు నాకు నిజామాబాద్‌లో, పార్టీ జిల్లా ఆఫీసులో, పూలదండల పంచాయితీ నడుమ తెలిసింది. హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఆయన మెడలో ఎవరి దండ ముందు పడాలి, ఎవరిది తర్వాత పడాలి అని పొద్దుటి నుంచి పదిమందిమి తలలు పట్టుకుని కూర్చున్నాం. నేను తాలూకా కార్యదర్శిని. నా దండ ఏడోది. దాన్ని అయిదోదిగా చేయించుకోవాలని నా తంటాలు. అప్పుడే బస్సు దిగి వచ్చిన మా ఊరి మనిషి గడపలో నిలబడి, "అన్నా, మీ పెద్దబాపు పొద్దుగాల పానం ఇడిసిండు" అన్నాడు.

మా జిల్లా నాయకుడు తల ఎత్తాడు. "ఎవలు? ఎడపల్లి దిక్కు ముసలాయననా? అయ్యో పాపం" అన్నాడు. ఆ పాపం నోట్లో ఆరకముందే, "మరి గా ఊర్లె ఇగ మనోళ్లు ఎవలున్నరు?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. మండింది అని ఇక్కడ రాస్తున్నాను గానీ అక్కడ నోరెత్తలేదు. దండ సంగతి తేలేదాకా కూర్చుని అప్పుడు లేచాను. ఈ ముక్క దాచిపెట్టి పెద్దబాపు గురించి రాస్తే ఆయనను రెండోసారి మోసం చేసినవాణ్ణవుతాను. మొదటిసారి సంగతి ముందు ముందు చెబుతాను.

నాలుగో రోజు బోధన్‌లో సంతాప సభ పెట్టాం. "ఆయన నాకు తండ్రిలాంటివారు" అన్నాడు జిల్లా నాయకుడు. ఈ కొడుకు ఇన్నేళ్లలో మా ఊరికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ జీపు దిగలేదు. "ఆయన వేలు పట్టుకునే నేను రాజకీయాల్లో నడక నేర్చాను" అన్నాడు రైసుమిల్లు సేటు. అవతలి పార్టీలో నడిచి నడిచి ఇటు వచ్చినవాడు మరి, ఏ వేలు పట్టుకున్నాడో! ఇంకొకాయన మా పెద్దబాపును మహావక్త చేశాడు. జీవితంలో ఒక్కసారి కూడా వేదిక ఎక్కని మనిషిని! తర్వాత ఒక నిమిషం మౌనం పాటించాం. నాయకుడు ఒక కన్ను తెరిచి గడియారం చూసుకోవడం నేను చూశాను. చూశానంటే నా కన్నూ తెరిచే ఉందని మీకు తెలిసిపోయే ఉంటుంది.

రెండు రాష్ట్రాలు కలిసి ఒకటైన ఏడాది మా ఊళ్లో పార్టీ పెట్టింది పెద్దబాపు. బోర్డు కట్టలేదు, జెండా కూడా చాలా రోజులకు గానీ ఎగరేయలేదు. చెవి మీద పెన్సిలు, రుమాలు కొంగున చుట్టిన ఒక నోటుబుక్కు, అదే ఆఫీసు. ఆ పెన్సిలును కొడవలితో చెక్కుకునేవాడు. ఎవరింటికి పోయినా చెప్పులు బయట విడిచి తలుపు పక్కన కిందనే కూర్చునేవాడు. మంచం వేస్తే, "మంచం మీద కూసున్నోనికి మీరు మంచి మాటలే చెప్తరు. నాకు అసలు మాటలు గావాలె" అనేవాడు.

మావి నిజాంసాగర్ కాలువ కింది పొలాలు. పిల్లకాలువలో నీళ్లు మీది మడి నుంచి కింది మడికి దిగాలి. మీదివాడు తన మడి తడిశాక అడ్డం కట్టిన మట్టి తీస్తేనే కిందివాడికి నీళ్లు. అందరికీ వంతులుంటాయి. చెరుకు ఎండుతున్నప్పుడు ఆ వంతులు ఎవడికీ గుర్తుండవు. పెద్దబాపు పార్టీని ఈ కాలువ మీదే కట్టాడు. ఎవడైనా చేరతానంటే, "మంచిది, రేపు చెప్త" అనేవాడు. తెల్లారి ఆ మనిషి పొలానికి కింది మడివాడి దగ్గరికి పోయి ఒక్కటే అడిగేవాడు.

"నీ మీదోడు నీళ్లిడుస్తడా?"

ఇడుస్తడంటే పేరు రాసుకునేవాడు. ఇడువడంటే లేదు. చదువు, కులం, ఎకరాలు ఏవీ అడగలేదు. "గెట్టు పక్కోనికి నీళ్లియ్యనోడు గద్దెనెక్కితె ఊరికేమిస్తడు?" అనేవాడు. ఒకసారి మా ఊరి దొర కొడుకు చేరతానని కబురు పెట్టాడు. అతని కింది మడి కౌలుదారు నేల చూస్తూ, "ఇడుస్తడు, ఎందుకిడువడు" అన్నాడు. పెద్దబాపు, "నువ్వు నన్ను సూసి చెప్పినవా, ఆయన్ని తలుసుకోని చెప్పినవా?" అని అడిగాడు. కౌలుదారు పార అందుకుని మడిలోకి దిగిపోయాడు. దొర కొడుకు పేరు నోటుబుక్కులోకి ఎక్కలేదు. ఈ సంగతి జిల్లా ఆఫీసుకు తెలిసి, ముసలోడికి మతి పోయిందని నవ్వుకున్నారు. అప్పటికి ఆయనకు నిండా నలభై అయిదేళ్లు కూడా లేవు.

చెరుకు కొట్టే కాలంలో చక్కెర ఫ్యాక్టరీ కాటా ముందు బండ్లు బారులు తీరేవి. ఎడ్లను విప్పి, రొట్టెలు కాల్చుకుంటూ రైతులు తమ వంతు కోసం కూర్చునేవాళ్లు. పెద్దబాపు తన బండిని వరసలో నిలిపి, అన్నింటికంటే వెనకున్న బండి దగ్గరికి పోయేవాడు. అక్కడి నుంచి ఒక్కొక్క బండి దగ్గర ఆగుతూ ముందుకు వచ్చేవాడు. ఎందుకట్లా అని అడిగాను. "ముందలోనికి కాటా కనవడుతది, వాడు మన మాట ఇనడు. ఆఖరోనికి పొద్దు పోవాలె, వాడింటడు" అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో కమిటీలు ఆ బండ్ల వరసలోనే మొలిచాయి. మైకు లేదు, పందిరి లేదు, ఉపన్యాసం అసలే లేదు. ఓట్ల రోజు మా ఊళ్లో చీటీలు రాసేవాణ్ణి ఏనాడూ కూలికి పెట్టుకోలేదు. కాలువ కొసన చిన్న చిన్న మడులున్నవాళ్లంతా ఇంట్లో పెండ్లి అన్నట్టు వచ్చి పనిచేసేవాళ్లు. వాళ్ల మడులకు వంతు ప్రకారం నీళ్లు రావడం మొదలైందే ఆ కమిటీ వచ్చాక.

ఇక నా సంగతి. బోధన్‌లో మెట్రిక్ చదివి వచ్చాను. తెల్ల పైజామా, జేబులో పెన్ను. సొంత తమ్ముడి కొడుకును కదా, నోటుబుక్కులో మొదటి పేజీ నాకే అనుకున్నాను. అడిగితే పెద్దబాపు అందరికీ చెప్పినట్టే, "మంచిది, రేపు చెప్త" అన్నాడు.

నా కింది మడి పోసవ్వది. మొగుడు పోయిన మనిషి, కాలువ కొసన అర ఎకరం వరి. తెల్లారి పెద్దబాపు ఆమె గెట్టు మీద కూర్చున్నాడు. నేను నా చెరుకు చాటున నిలబడి విన్నాను. సిగ్గులేని పనే, విన్నాను.

"పోసవ్వా, మావోడు నీళ్లిడుస్తడా?"

పోసవ్వ కలుపు తీయడం ఆపలేదు. "మంది సూస్తె ఇడుస్తడన్నా" అంది.

పెద్దబాపు లేచి దులుపుకుని వచ్చాడు. సాయంత్రం నన్ను పిలిచి, "ఇప్పుడు గాదు బిడ్డా. ఇంకో ఏడు సూద్దాం" అన్నాడు. "ఒక ముసల్దాని మాట పట్టుకోని నన్ను ఆపుతవా పెద్దబాపూ?" అని అరిచాను. "ముసల్దాని మాట గాదురా, గది నీ మాటనే. నువ్వు చేసిందే ఆమె చెప్పింది" అన్నాడు.

నేను బస్సెక్కి నిజామాబాద్ పోయాను. జిల్లా ఆఫీసులో నన్ను పార్టీలోకి తీసుకోవడానికి చాయ్ తాగినంత సేపు పట్టింది. పేరు అడిగారు, కులం అడిగారు, ఒక దండ వేశారు. ఆ దండ కూడా అంతకుముందు ఇంకెవరికో వేసిందే, దారం తడిగా ఉంది. నాకెవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ ఎవరి కింది మడినీ అడిగే మనిషి లేడు. అందుకే మేమంతా అక్కడ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్నాం.

నాలుగేళ్లలో తాలూకా కార్యదర్శినయ్యాను. మా ఊరి కమిటీ చెప్పిన మాట వినడం లేదు, పైనుంచి పంపిన అభ్యర్థి ఎవరని అడుగుతోంది అని నాయకుడికి కోపం వచ్చింది. కమిటీని రద్దు చేస్తూ కాగితం రాయమన్నాడు. రాశాను. సంతకం పెట్టాను. నా పెద్దరికం చూపించుకోవాలని దాన్ని నేనే తీసుకుపోయి పెద్దబాపు చేతికిచ్చాను. మొదటి మోసం అదే. ఆయన రెండుసార్లు చదివి, "గీ సంతకం నీదేనా?" అని అడిగాడు. నాదేనన్నాను. "అచ్చరాలు మంచిగ రాస్తవురా" అన్నాడు. తర్వాత పెద్దమ్మను పిలిచి నాకు అన్నం పెట్టమన్నాడు. తిన్నాను కూడా.

కొత్త కమిటీలో రైసుమిల్లు సేటు, ఒక గుత్తేదారు, దొర కొడుకు చేరారు. తర్వాతి ఎన్నికల్లో జీపుల నిండా పోస్టర్లు దిగాయి, అంటించే మనిషి దొరకలేదు. పోలింగ్ రోజు దొర కొడుకు బంధువుల పెండ్లికి పోయాడు. మా బూత్‌లో మా తరఫున కూర్చున్నవాడికి ఊళ్లోవాళ్ల పేర్లు తెలియవు. ఓడిపోయాక నాయకుడు నిట్టూర్చి, "కింద బలం లేదయ్యా మనకు" అన్నాడు. కింద ఉన్న బలాన్ని నా చేతనే కొట్టివేయించిన మనిషి ఆ మాట అంటుంటే నేను తల ఊపాను. మెడ ఉన్నది అందుకే అన్నట్టు బతికాను ఇన్నేళ్లూ.

పదకొండో రోజు భోజనాలయ్యాక పెద్దమ్మ ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. "నీకియ్యమన్నడు" అంది. కమిటీ పోయాక కూడా ఆయన రాయడం మానలేదు. వెతగ్గా వెతగ్గా ఆఖరి పేజీలో నా పేరు కనిపించింది. దాని కింద ఏడాదికొక్క వరుస, అదే పెన్సిలు రాత. "పోసవ్వను అడిగిన. గదే మాట." మళ్లీ ఏడాది, "అడిగిన. గదే మాట." కాగితం తెచ్చి ఇచ్చిన ఏడాది కూడా అడిగాడు. మొన్నటి ఉగాదికి కూడా అడిగాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆనాడు దండ సంగతి తేలేదాకా ఆపుకున్న కన్నీళ్లన్నీ అప్పుడొచ్చాయి.

నిన్న మధ్యాహ్నం నా నీళ్ల వంతు. జీతగాణ్ణి ఇంటికి పంపించి, ఏళ్ల తర్వాత పార పట్టుకుని పొలానికి పోయాను. చుట్టూ నరపురుగు లేదు. నా మడి తడవగానే అడ్డం మట్టి తీసేశాను. నీళ్లు పోసవ్వ వరిలోకి దిగాయి. వంగి కలుపు తీస్తున్న పోసవ్వ పాదాలకు చల్లగా తగిలాయేమో, నడుం పట్టుకుని లేచింది. నీళ్లను చూసింది, నన్ను చూసింది. తర్వాత కాలువ కట్ట వైపు, బండ్ల బాట వైపు తిరిగి చూసింది.

"ఎవలస్తున్నరు సారూ?" అని అడిగింది.

"ఎవలు లేరవ్వా" అన్నాను.

ఆమె నమ్మలేదు. చీలమండల దాకా నీళ్లలో నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీద జీపు ఎక్కడుందా అని ఇంకా చూస్తూనే ఉంది.