మునెప్ప చిన్నాయన కొమ్మ

మా చిన్నప్పుడు... కళ్ళంలో నుంచి రాగులు ఇంటికి చేరినాయంటే చాలు, చేతిగంట కొట్టుకుంటా వంశం చెప్పే ఆయన వచ్చేసేవాడు. మా ఊరు చౌడేపల్లె. ఆయన మా వాకిట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, ముత్తాతల కాడ్నించి ఒక్కొక్క పేరూ పాటలాగా చెప్తాంటే... మా అవ్వ చేటలో రాగులు పట్టుకుని నిలబడి వినేది.

మా మునెప్ప చిన్నాయన పేరు కాడ మాత్రం గంట ఆగిపోయేది.

"మునెప్పకు సంతు..?" అని అడిగేవాడాయన.

"తెలీదప్పా. లేదని మాత్రం అనొద్దు. ఆ కొమ్మ అట్లే ఉండనీ" అనేది అవ్వ.

ఎద్దును అమ్మేసినారని తాతతో గొడవపడి, పెళ్ళి కూడా కాకముందే చిన్నాయన కుప్పం దిక్కు పోయినాడు... మళ్ళీ రాలేదు. అవ్వ పోతా పోతా నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి వెతుకు నాయనా" అనింది.

వెతికినానండీ! చదివింది ఐదో తరగతే... పట్టు మాత్రం వదల్లేదు. తొంభైల్లో మదనపల్లె టమోటా మార్కెట్టుకు పోయినప్పుడల్లా కుప్పం లారీల వాళ్ళను అడిగేవాణ్ణి. పుంగనూరు సంతలో అడిగినా. కుప్పం పోయి ఓటర్ల లిస్టు కూడా చదివించుకున్నా. మునెప్పలు బోలెడు మంది ఉండారు, మా ఇంటిపేరు మునెప్ప మాత్రం లేడు!

"ఇంక చాల్లే నాయనా, చెప్పులు అరిగిపోతాండాయి" అని నా కూతురు ఎగతాళి చేసేది.

రెండు వేల సంవత్సరం దాటినాక ఒకరోజు... పక్కింటామె గోడ మీద నుంచి మా ఆవిడను కేకేసింది. "బైరెడ్డిపల్లక్కా! రవంత మజ్జిగుంటే పోయవా?"

రోజూ వినే మాటే. మా ఆవిడ పుట్టిల్లు బైరెడ్డిపల్లె. కాపురానికి వచ్చినప్పట్నించీ ఊరంతా అట్లే పిలుస్తారు, సొంత పేరు సగం మందికి తెలీదు. ఆ పొద్దు మాత్రం కాఫీ గ్లాసు నా చేతిలో అట్లే నిలిచిపోయింది... ఓరి నా మతి మండ! పరాయి ఊర్లో మా చిన్నాయనను ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు, లిస్టులో ఎవరు రాస్తారు? ఊరి పేరే కదా!

మరుసటి రోజే బస్సెక్కినా. కుప్పం బస్టాండు కాడ టీ అంగడాయన్ను అడిగినా, "ఈడ చౌడేపల్లాయన అని ఎవరన్నా ఉండారా అప్పా?"

"చౌడేపల్లప్పనా? ఎద్దులకు లాడాలు కొట్టే ముసలాయన కదా! ఆ సందులోనే. చెవుడప్పా, గట్టిగా పిలువు."

చిన్నాయన అరుగు మీద కూర్చుని ఉండాడు... అచ్చం మా నాయన ముక్కే! మా నాయన పేరు చెప్పి, నేను ఆయన కొడుకునని గట్టిగా అరిచినా. నన్ను పైనుంచి కింది దాకా చూసినాడు.

"ఆ ఎద్దును యాడ అమ్మినార్రా?" అన్నాడు!

ఇద్దరం పట్టుకుని ఏడ్చినాం. తర్వాత కళ్ళు తుడుచుకుని, లోపలికి తిరిగి కేకేసినాడు... "గంగులమ్మా, నీళ్ళు తే మే!"

మా అవ్వ పేరు! తన పెద్దకూతురికి పెట్టుకున్నాడు...

ఆ ఏడు వంశం చెప్పే ఆయన కొడుకు వచ్చేసరికి, చిన్నాయనను తోడుకొచ్చి మా వాకిట్లో కూర్చోబెట్టినా. మునెప్ప పేరు కాడ గంట ఆగలేదు. "మునెప్ప కూతురు గంగులమ్మ..." అని పాడతాంటే, చిన్నాయన "ఏమంటాండాడు?" అన్నాడు. చెవిలో చెప్పినా.

"మళ్ళీ చెప్పమను" అన్నాడు.

ఇప్పుడా గంట మా ఊర్లో వినబడదు... చేటతో రాగులు పట్టుకుని నిలబడేవాళ్ళూ లేరు. మీ ఇంట్లోనూ ఇట్లా ఒక కొమ్మ ఖాళీగా ఉంటే వదిలెయ్యొద్దండీ... వాళ్ళు విడిచిపోయిన ఊరి పేరుతో ఒకసారి అడిగి చూడండి. మీ వాళ్ళను ఏ ఊరి పేరుతో పిలిచేవాళ్ళో... చెప్పండప్పా, వింటా.