పక్క లోయలో నీళ్లు

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండోసారి చేసి చూపించలేనిదాన్ని బగ్ అని కూడా ఒప్పుకోను. 2008 మార్చిలో నాకు జరిగింది మాత్రం జరిగినట్టే చెప్తాను.

మా బావగారు, అంటే అక్క భర్త, సివిల్ ఇంజినీరుగా రిటైరై కాలిఫోర్నియాలోని శాన్ రామన్‌లో ఉండేవారు. అరవై దాటాక ఈవెనింగ్ క్లాసులకి వెళ్లి మరీ స్పానిష్ నేర్చుకున్నారు. అదంతా ఒక పాత డైరీ చదవడానికి.

అందులో ఉన్నది రెండు వందల ఏళ్ల పైమాట. మెక్సికో వైపు నుంచి కొందరు స్పెయిన్ సైనికులు సముద్రానికి దారి వెతుకుతూ ఇక్కడి ఎడారిలోకి దిగారు. నీళ్లు అయిపోయాయి. దారి చూపడానికి వెంట తెచ్చుకున్న ఇక్కడి మనిషి, పక్క లోయలో నీళ్లున్నాయన్నాడు. కెప్టెన్ నమ్మలేదు, తిన్నగా నడిపించాడు. సగం మంది కూడా వెనక్కి రాలేదు. దారి చూపినవాడు ఏమయ్యాడో డైరీలో లేదట.

"వాడు నిజమే చెప్పాడు మురళీ. ఆ నీళ్లు ఒక్కసారి కనిపిస్తే చాలు నాకు" అనేవారు బావగారు.

ఆ లోయ ఎక్కడుందో మ్యాపుల్లో పట్టుకుని, నన్ను డ్రైవ్ చేయమన్నారు. సోమవారం నాకు ఆఫీసులో రిలీజ్ ఉంది. విసుక్కుంటూనే బయల్దేరాను. దారిలో మోటెల్‌లో పడుకుని, మర్నాడు పదకొండింటికి మట్టిరోడ్డు చివర కారాపాను. ఆయన మోకాళ్లకి ఆ రాళ్లలో నడక కుదరదు. జీపీఎస్ నా చేతికిచ్చి "నువ్వెళ్లి చూసిరా" అన్నారు.

అరగంట నడిచాను. లోయ మలుపులో, రాతిగోడ కింద, ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని దోసిలితో నీళ్లు తాగుతున్నాడు. నడి మధ్యాహ్నం కావస్తోంది, మంచి ఎండ. రెండు మణికట్ల చుట్టూ తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. నన్ను చూసి, తాగమన్నట్టు పక్కకి జరిగాడు.

నేను వంగి గుంటలో చెయ్యి పెట్టాను. చల్లటి నీళ్లు. తలెత్తేసరికి మనిషి లేడు. ఇసుకలో నా బూట్ల గుర్తులే ఉన్నాయి.

పరిగెత్తుకొచ్చేశాను.

"ఏమైంది? ఉన్నాయా?" బావగారు కారు దిగి నిలబడి ఉన్నారు.

చెప్తే, ఎలాగైనా తీసుకెళ్లి చూపించమంటారు. మళ్లీ అక్కడికి వెళ్లే ధైర్యం నాకు లేదు. "ఏమీ లేదు బావగారూ. ఉత్త రాళ్లు."

"చొక్కా చెయ్యి తడిసిందేంటి?"

"చెమట."

ఆయన వెళ్లి కారెక్కారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. అక్క కట్టిచ్చిన పులిహోర విప్పలేదు.

మరుసటేడు గుండెపోటుతో పోయారు. ఆయన నోట్సు ఫైలు అక్క నాకిచ్చింది. అందులో, నాకెప్పుడూ చెప్పని ముక్క ఒకటుంది. నీళ్లున్నాయని అబద్ధమాడుతున్నాడంటూ కెప్టెన్ ఆ మనిషి చేతులు పచ్చితోలు తాడుతో కట్టించాడట.

చివరి పేజీలో ఆయన తెలుగులో రాసుకున్నారు: "మురళి స్వయంగా చూసి వచ్చాడు. నీళ్లు లేవు. దారి చూపినవాడే అబద్ధమాడాడు. నేనే పొరబడ్డాను."

ఆ పేజీ గురించి, ఆ రోజు లోయలో చూసినదాని గురించి అక్కకి చెప్పడానికి నాకు ఐదేళ్లు పట్టింది. అంతా విని ఒకటే అడిగింది. "భయమేసిందని ఆయనతో అనుంటే ఏమయ్యేదిరా? నవ్వేవారా ఆయన?"

2014లో ఇద్దరం వెళ్లాం. అదే నెల, జీపీఎస్‌లో అదే పాయింట్. మలుపు ఉంది, రాతిగోడ ఉంది. గుంట లేదు. ఎప్పుడైనా తడి తగిలిన జాడ కూడా లేదు. చేత్తో ఇసుక తవ్వి చూశాను. గోళ్లు విరిగాయి తప్ప చెమ్మ తగల్లేదు.

అక్క ఫైలు వెంట తెచ్చింది. ఆ పేజీ తీసి, పెన్ను నా చేతిలో పెట్టింది. "కొట్టెయ్యి. నీళ్లున్నాయని రాయి."

రాయలేకపోయాను. ఆ రోజు నా చెయ్యి తడిసిన మాట నిజం. నా కళ్లముందు గోడ ఎండిపోయి ఉన్న మాటా నిజమే. దేన్ని నమ్మాలో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ పేజీ ఆయన రాసినట్టే ఉంది.