ఆదివారం ఐదు గంటల క్లచ్

మంచు కొండల్లోని సైనిక పోస్టుకు నేను చేరింది అక్టోబరు మొదటి వారం, సాయంత్రం నాలుగున్నరకు. ఎత్తు పదమూడు వేల అడుగులు. చలి సున్నాకు పన్నెండు డిగ్రీల కింద. ఎనిమిది మందికి ఒక బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి. పెనుకొండ ఎండలో పెరిగిన నాకు వాతావరణం కాస్త మారినట్టు అనిపించింది.

నా దిగులు శత్రువు గురించి కాదు. మా ఇంటి వసారాలో నిలిచిపోయిన పాత మోటారు సైకిల్ గురించి. పోయిన నాయన నాకు వదిలిన ఒకే ఒక్క వస్తువు. నేను మళ్ళీ దాన్ని చూసేది పద్నాలుగు నెలల తర్వాత.

మెకానిక్ హవల్దార్‌ది హిందూపురం. టీ కాస్తూ తేల్చేశాడు.

"ఊరికే నిలబెడితే క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయప్పా. ఆయిలే బంక అయితాది. ఇంట్లో ఎవురుండారు?"

"నా భార్య, సుజాత."

"చాలు. వారానికొకతూరి రెండో గేర్లో పెట్టి, క్లచ్ నొక్కిపట్టి, ముందుకూ వెనక్కూ తొయ్యమను. ఆపైన ఎడమచేతి క్లచ్ లివర్ పదిసార్లు నొక్కి వదలమను."

శాటిలైట్ ఫోను ఆదివారం ఐదుకు. మనిషికి రెండు నిమిషాలు. నేను సుజాతకు ఆజ్ఞలు జారీ చేశాను.

"బాగుండావా అని నన్ను అడగవు, క్లచ్చును అడుగుతాండావు."

"నువ్వు అతుక్కుపోవు కదా."

"పెండ్లయి ఆరేండ్లాయ. ఇంగా అతుక్కోలేదంటావా?"

జనవరిలో మంచు కూలింది. దారి పోయింది, ఫోనూ పోయింది. నలభై ఒక్క రోజులు. రేడియోలో రోజూ పై అధికారులకు "అందరూ కుశలం, ఓవర్" అన్నాం. ఆ మాట పెనుకొండ దాకా వెళ్ళలేదు.

ఆ ఏడాది డిసెంబరులో హవల్దారూ నేనూ ధర్మవరంలో రైలు దిగి ఒకే బస్సెక్కాం. తన ఊరికి పోకముందే బండి చూస్తానన్నాడు. నాలుగో కిక్కుకు నాయన బండి దగ్గింది. హవల్దార్ క్లచ్ నొక్కి గేరు వేశాడు. బండి ముందుకు దూకలేదు, ఆగిపోలేదు. అయినా ఆయన మొహం చిట్లించాడు.

"ప్లేట్లు బాగుండాయి. క్లచ్ కేబులే సాగిపోయిండాది. వారానికి పదిసార్లకు ఇట్ల సాగదే. ఎవురమ్మా ఇంత నొక్కింది?"

సుజాత ఎడమ చెయ్యి కొంగులో దాచుకుంది.

"ఫోను రాని దినాల్లో మొదలాయ, ఆపైనా మానలే... రోజూ ఐదుకు బండికాడ కూచునేదాన్నన్నా. లెక్క పెట్టలే."

హవల్దార్ కాసేపు హ్యాండిల్ తుడిచాడు, శుభ్రంగానే ఉన్నా. "కేబులుకేమిలేమ్మా," అన్నాడు, "దొరుకుతాది."

ఏళ్ళు గడిచాయి. తుపాకీ పట్టి నా చేతుల్లో కాసిన కాయలు మెత్తబడ్డాయి. మంచు కొండల గురించి అడిగినవాళ్ళకు చెబుతూనే ఉంటాను. కళ్ళు మూస్తే నాకు కనిపించేది మాత్రం కొండలు కాదు. ఆ రోజు నేను కొంగు తప్పించి చూసిన సుజాత ఎడమ చెయ్యి. నాలుగు వేళ్ళ లోపలివైపు, వరసగా నాలుగు కాయలు.